సూర్యారావు క్యాంపు బండికి మొగులయ్య పెట్టిన కరెంటు

రుద్రారం బస్టాపు పక్కన కౌసల్యమ్మ చాయ్ కొట్టు. మోటార్లకు వైండింగ్ చేసే మొగులయ్య బల్ల మధ్యలో చేరగిలబడ్డాడు. అతని పక్కనే చిన్నరాములు, ఒళ్లో గోనెసంచిలో చుట్టిన కొత్త సోలార్ ప్లేటు. బోర్లు వేసే తన మనుషులు పడుకునే క్యాంపు బండికి దాన్ని ఎవరిచేత బిగింపించాలో అడిగి పోదామని వచ్చాడు. పాడైతే ఇంకొకటి కొనే తాహతు అతనికి లేదు.

"ఇంకెవల్ని అడుగుతవ్ చిన్నరాములు? బోర్లేసే సూర్యారావు సార్ బండికి బిగించింది నేనే గదా. ఆయనది గూడ నీ లెక్కనే రేకుల డబ్బా, ట్రాక్టర్ వెనక తగిలిస్తరు. లోపట ఆరుగురు పండుకుంటరు, బుడ్డి దీపం పొగకు అందరి కండ్లు మండుడే. ముందుగాల ఎవడో ఇంజనీరొచ్చి, టేపు పెట్టి కొలిచి, కాయితం నిండ లెక్కలు గీకి, వారం పడ్తదన్నడు. థూ, ఆని సదువు తగలెయ్య! నేను చాయ్ సల్లారే లోపట పైకెక్కిన, నాలుగు బోల్టులు బిగించిన, వైరు దించి బ్యాటరీకి తగిలించిన. బల్బు వెలిగింది."

"ఒక్క బల్బేనా?" అన్నాడు త్రినాథరావు. కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న ఫ్యాక్టరీ ఫోర్‌మెన్.

"ఒక్కటితోని ఆగుతనా సార్? మీ ఫ్యాక్టరీల మీటరు దిక్కు సూసుకుంట కూసుండుడు గాదు గిది. ఫ్యాన్ పెట్టిన, తిరిగింది. ఆరుగురి సెల్లులు ఒక్కపారే పెట్టిన, ఆరూ నిండినయ్. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"బ్యాటరీ పేలిందా?" అంది కౌసల్యమ్మ గ్లాసులు కడుగుతూ.

"నీ నోట్లె మంచి మాటనే రాదు గదా కౌసల్యక్కా! జోగిపేట కాడ బోరేస్తుంటె నడిమిట్ల డీజిల్ అయిపోయింది. సార్ నెత్తికి చేతులు పెట్టుకున్నడు. 'జెర జరుగు సార్' అన్న, వైరు గుంజి బోరు మిషన్‌కు తగిలించిన. ఆరునూర్ల అడుగులు! పిండిల వేలు దిగినట్టు దిగింది. నీళ్లు తాటిచెట్టెత్తు లేచినయ్. ఊరంత బిందెలు పట్టుకొని ఉరికొచ్చింది."

"నలభై వాట్ల ప్లేటుతోనండీ?" అన్నాడు త్రినాథరావు.

"వాట్లు గీట్లు మీ సదువుకున్నోళ్లకు సార్. పనోని చెయ్యి మంచిదుండాలె."

ఇంతలో ముత్యమ్మ ఆటో దిగి వచ్చింది. సూర్యారావు క్యాంపు బండిలో వంట చేసేది ఆమే. మొగులయ్య వీపు అటే ఉంది, అతను చూడలేదు. కౌసల్యమ్మ చూసింది. వెనక బల్ల మీద ఆమెకు చాయ్ పెట్టింది.

"అంతల కరెంటు లైన్‌మన్ వచ్చి నా కాళ్ల మీద పడ్డడు. 'అన్నా, జోగిపేట మొత్తం కరెంటు పోయింది, జెర ఇయ్యరాదే' అన్నడు. పోనీ తియ్, పాపమని ఒక తీగ పడేసిన. జోగిపేటకు సరిపోంగ మిగిలింది పటాన్‌చెరుకు తోలిన. ఆ దినం మీ ఫ్యాక్టరీ నడిచింది దేని మీద అనుకున్నరు సార్? నా ప్లేటు మీద!"

"ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్ అయ్యుంటుందిలే."

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. అసలుది ఇప్పుడు సెప్త. కరెంటు ఎక్కువై, ఎటు పోవాల్నో తెల్వక చక్రాలల్లకు దిగింది. బండి కదిలింది! ట్రాక్టర్ లేదు, ఎడ్లు లేవు, సీదా బాంబే రోడ్డెక్కింది. లారీలను ఎనకకు నూకి పోతున్నది. లోపట ముత్యమ్మని వంటామె ఉంటది, ఒట్టి ఎడ్డి మనిషి, ఏం తెల్వది, 'మొగులన్నా, కాపాడే' అని ఒకటే మొత్తుకోవుడు. డబ్బాకు బ్రేకులేడియి? టాపు మీదికి దుంకి, గోనెసంచి తీసి ప్లేటు మీద కప్పిన. టక్కున ఆగింది!"

వెనక బల్ల మీద గ్లాసు గట్టిగా చప్పుడైంది.

"గోనెసంచి కప్పితె ఆగిందా?" చిన్నరాములు తన ఒళ్లోని సంచి వంక చూసుకున్నాడు.

"మరేందనుకున్నవ్? ప్లేటు మీద ఏది కప్పినా కరెంటు బందే. ఇగ ఇంత బలం ఎట్లొచ్చిందంటవా, పూజతోని. దసరాకు ఫ్యాక్టరీలల్ల మిషన్లకు చేస్తరు గదా, గట్ల. ఆ ఇంజనీరుకు తోచిందా? తోచలే. నేను ప్లేటు నిండ మందంగ పసుపు పూసిన, దాని మీద ఒక్కో గడికి కుంకుమ బొట్టు పెట్టిన, బంతిపూల దండ అడ్డంగ పరిచిన. నీదానికి గూడ గట్లనే చేస్త. ఇటియ్యి."

మొగులయ్య చెయ్యి చాచాడు. చిన్నరాములు సంచిని సగం ఎత్తాడు.

"ఇయ్యకు," అంది ముత్యమ్మ.

మొగులయ్య వెనక్కి తిరిగాడు. చాచిన చెయ్యి అట్లాగే ఉంది. "ముత్యమ్మక్కా... ఎప్పుడొచ్చినవ్?"

"జోగిపేటకు తీగ పడేస్తుంటివి, అప్పుడే వచ్చిన. ఎడ్డిదాన్నే తమ్మీ, గందుకే తొమ్మిది దినాలు నీ పూజ ముట్టలే. ముట్టుకుంటె పాపం తగుల్తదని భయపడ్డ. ఆ తొమ్మిది దినాలు బుడ్డి పొగలనే వండిన, నీ బల్బు ఒక్కపారి మిణుక్కుమనలే. అడుగుదామంటె నువ్వు మా దిక్కు రాకపోతివి. పదో దినం దండం పెట్టుకొని, తడిబట్టతోని నీ పసుపంత తుడిచి పారేసిన. పొద్దూకినంక బల్బు వెలిగింది. ఏది కప్పినా బందే అని ఇప్పుడే నీ నోటితోని అంటివి. మరి పసుపు కప్పుడు గాదా?"

త్రినాథరావు నవ్వు ఆపుకోలేక చాయ్ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

"ఆ పసుపు కల్తీది అయ్యుంటది," అని గొణిగాడు మొగులయ్య.

చిన్నరాములు లేచి ప్లేటు తీసుకెళ్లి ముత్యమ్మ ఒళ్లో పెట్టాడు. "అక్కా, నువ్వు మా బండి కాడికొచ్చి నిలబడి చేపియ్యి. బోల్టులు మొగులన్న బిగిస్తడు."

కౌసల్యమ్మ గ్లాసులు తుడిచే తడిగుడ్డ పిండి మొగులయ్య భుజం మీద వేసింది.

"గిది గూడ పట్టుకపో," అంది.