చిన్న షీటులో రెండు దీపాలు

అధ్యక్ష స్థానంలో కూర్చుని నా ప్రసంగం ఎంతసేపు సాగుతుందోనని దిగులుపడుతున్న మా సారుకి, ముందు వరుసలోని పెద్దలకు, భోజనాల తలుపుకి దగ్గరగా చోటు చూసుకున్న మిత్రులకు, ఇవాళ్టితో ఉద్యోగ విరమణ చేస్తున్న మా లైట్లక్కకు, రేపట్నుంచి ఆమెను పూర్తికాలం భరించబోతున్న బావగారికి వినయపూర్వక నమస్కారాలు. (నవ్వులు) బావగారూ, మీరొక్కరే నవ్వలేదు. నాకర్థమైంది.

కరెంటు పనితో సంబంధం లేని బంధువులూ ఉన్నారు కాబట్టి అక్క ఏం చేసేదో చెప్పాలి. మేం కంప్యూటర్లో భవనాలకు ప్లాన్లు గీస్తాం. పైనుంచి చూసినట్టు గీసే ఆ ప్లానులో ప్రతి దీపానికీ ఒక గుర్తు ఉండాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే గుర్తుల్లో గోడ దీపమూ గుండ్రమే, సీలింగు దీపమూ గుండ్రమే, కరెంటు పోతే బ్యాటరీతో వెలిగే అత్యవసర దీపమూ గుండ్రమే. అక్క వాటినలా వదల్లేదు. ఒకదానికి అడ్డగీత, ఒకదానికి తోక, అత్యవసర దీపానికి సగం నలుపు, ఇలా ఒక్కోదాన్నీ తనే కూర్చుని మార్చింది. నేను చేరిన కొత్తలో, "గుండ్రానికింత గొడవేంటక్కా?" అన్నాను.

"నిచ్చెనెక్కి ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో ఈ కాగితం పట్టుకున్నవాడికి నువ్వు పక్కనుండి వివరిస్తావా?"

"రమ్మంటే వెళ్తానక్కా."

"నువ్వెక్కితే నిచ్చెన విరుగుద్ది. పని చూడు." (నవ్వులు)

ఆమె కుర్చీ నాకిచ్చారు. అందరూ అభినందిస్తున్నారు, నాకు మాత్రం రెండు రోజులుగా తిండి సహించడం లేదు. రేపు పొద్దున్నే ఆసుపత్రి ప్లాన్లు సైటుకి వెళ్తున్నాయి. ఆపరేషన్ గదుల బయటి నడవాలో పెట్టే అత్యవసర దీపం కొత్తరకం కావడంతో దాని గుర్తు నేనే తయారుచేశాను. ఇన్నాళ్లూ నా తప్పుకీ సైటుకీ మధ్యలో అక్క ఉండేది. రేపు ఎవరూ ఉండరు. కరెంటు పోయిన వేళ స్ట్రెచరు తోసుకొచ్చేవాళ్లు ఆ నడవాలో దారి కనపడక ఆగిపోతే, ఆ చీకటి నేను గీసిందే అవుతుంది.

అందుకే ఇందాక వేదిక ఎక్కేముందు అక్కను పక్కకి పిలిచి బతిమాలాను.

"ఒక్కసారి చూడక్కా. లాప్‌టాప్ కార్లోనే ఉంది."

"చూడను."

"ఆఖరిసారి."

"నేను చూస్తానని నువ్వు చూడవు. ఇన్నేళ్లూ అదేగా జరిగింది?"

ఆ తర్వాత ఆమె నవ్వుతూ పూలగుత్తి అందుకోవడం మీరంతా చూశారు.

అయినా నిన్న రాత్రి నేను చూశాను, అధ్యక్షా. కళ్లు మండేదాకా చూశాను. నడవాను పెద్దది చేసి గీసిన షీటులో మామూలు దీపం, దాని పక్కన అత్యవసర దీపం, మధ్యలో చక్కటి ఖాళీ. ఈ గుర్తులకో మొండితనం ఉంది. ప్లానును ఎంత కుదించినా అవి మాత్రం కుదించుకుపోవు, కాగితం మీద అదే సైజులో కూర్చుంటాయి. బంధువులకి ఆవలింతలొస్తున్నాయి, ఒక్క నిమిషం. అంటే, అంతస్తు మొత్తం ఒకే కాగితంలో పట్టేలా కుదించిన చిన్న షీటులో గోడలు దగ్గరికి జరుగుతాయి, దీపాలూ దగ్గరికి జరుగుతాయి, గుర్తులు మాత్రం...

(ఆగి) అక్కా, చిన్న షీటులో ఆ రెండూ ఒకదాని మీదొకటి ఎక్కుతాయా?

చూశారా, పూలగుత్తిలో ఆకులు సర్దుకుంటోంది. సార్, నవ్వకండి. ఎక్కితే నిచ్చెన మీదున్నవాడికి ఒక్క గుర్తే కనిపిస్తుంది, ఒక్క దీపమే బిగిస్తాడు. చిన్న షీటు నేను చూశానా? చూసే ఉంటాను. చూసినట్టు జ్ఞాపకం రావడం లేదు.

ఇంకా రెండు పేజీల పొగడ్తలున్నాయి. బావగారూ, ఇవిగో, అక్కకి కోపం వచ్చినప్పుడల్లా ఒక వాక్యం చొప్పున వాడుకోండి. అక్కా, పని నేర్పినందుకు కృతజ్ఞతలు. ఇవాళ చూడనన్నందుకు రేపు చెప్తాను, రేపు నా మొహం బాగుంటే. ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు, మీరు భోజనాలు కానివ్వండి. సార్, ఆఫీసు తాళంచెవి ఇలా ఇవ్వండి, ఆ చిన్న షీటు ప్రింటు తీసి చూడాలి. త్వరగా. సెలవు.