తుండుగుడ్డ ఊపొద్దు

డోన్ స్టేషను అవతలి బీడు. ఇంటి దొడ్లో తన చేతులతో విమానం కట్టుకున్న రైల్వే ఫిట్టరు తిమ్మయ్య గుత్తి రైలు దిగి ఉరుక్కుంటూ వచ్చేసరికి, డోన్ గాలికి గొడుగు లేచిపోయినంత సులువుగా అది నెత్తిమీద తిరుగుతోంది. కింద పెండ్లాం సిద్దమ్మ ఒక్కతే ఉంది.

"నేనొచ్చేదాకా దాన్ని కదిలించొద్దంటి గదా. నీ తమ్మున్ని ఎవురు ఎక్కించినారు?"

"కాశాగాన్ని ఒకరు ఎక్కించల్లనా? పూజ అయిపోయె, గాలి బాగుండాదనె, లేచిపాయె."

"ఏం పూజ?"

"కొత్త బండికి పూజ చెయ్యరా మామా? మీయమ్మ కుంకుడురసంతో కడిగి, పసుపు పూసి, రెక్కల నిండా బొట్లు పెట్టె."

"కడిగిందా? రెక్కల మీద నేను సుద్దతో సున్నాలు చుట్టింటినే?"

"పిల్లోల్లు గీకినారని రుద్ది రుద్ది కడిగె. అదేంది, సంచి ఇప్పితివి?"

"వదులైన రివిట్లవి. మార్చల్లని గుర్తు పెట్టింటి. కొత్తవి ఇదో, ఈ సంచిలో ఉండాయి."

"సంచిలో ఉంటే ఏం లాభం?"

"నేను ఏడ్చేది దానికే గదా."

"మన బక్కెట్టుకూ రివిట్లే. నా పెండ్లినాటిది. ఒక్కటన్నా ఊడిందా?"

"అవి రెండు పక్కలా సుత్తెతో కొట్టినవి. ఇవి లాగుడు రివిట్లు. రెక్క లోపలికి చెయ్యి దూరదు, బయట నుంచే మేకు లాగితే లోపల ఉబ్బి పట్టుకుంటాది. ఎంత పట్టుకున్నాదో కంటికి కనపడదు. నేల మీద ఇంజను తిప్పిన అదురుకే కొన్ని కదిలి, చుట్టూ మసి కక్కినాయి."

"ఎన్నాళ్లుంటాయి?"

"గట్టివి నేను పోయినాక గూడా ఉంటాయి."

"కదిలినవి?"

"అడగొద్దు."

"ఒరే కాశా, దిగురా... దిగు..."

"ఆ మోతలో ఇనపడదు. ఉండు, తుండుగుడ్డ ఊపుతా. చూసె, చూసె."

"మామా, వాడూ రెక్కలు ఊపుతాండాడు."

"మెచ్చుకుంటాండామనుకున్నాడు. ఊపినకొద్దీ ఆ రివిట్లు..."

"అయితే నువ్వు ఊపొద్దు. తుండుగుడ్డ దాచిపెట్టు."

"దాచినా. చేతులు గూడా ఎత్తద్దు. కదలకుండ నిలబడు."

"ఎంతసేపు?"

"వానికి దిగబుద్ధయ్యేదాకా."

"ఒంటిమిట్ట రామయ్యా, నీ గుడికి నడిచొస్తా..."

"ఒక్కదానివే మొక్కితే ఏమొస్తాది. అమ్మ యాడ? ఆమెనూ మొక్కుకోమను."

"ఆమె... మొక్కతానే ఉంటాది లే."

"ఇంటికి పాయనా?"

"ఇంటికి పోలే."

"మల్ల యాడ?"

"ఈడనే. పైకి చూడు మామా, తిరుక్కోనొస్తాండాడు."

"కిందికే వస్తాండాడు. తలకాయ కనపడతాండాది. చెయ్యి గూడా ఊపుతాండాడు, చూడు."

"ఊఁ."

"రెండు చేతులూ ఊపుతాండాడే సిద్దీ. రెండూ ఊపితే దాన్ని పట్టుకున్నదెవురు?"

"పట్టుకున్నది కాశాగాడే మామా. ఆ ఊపేది, వెనక సీట్లో మీయమ్మ."