ఎర్రచీమల కరెంటు

అబద్ధమాడటం తప్పు. అయినా శబరి నది ఒడ్డున కొంటా ఊళ్లో సంతరోజున ఇంద్రాణి చాయ్ కొట్టు ముందు బల్ల మీద కిరాణా పుల్లయ్య కూర్చున్నాడంటే, తప్పని తెలిసినవాళ్లు కూడా లేచిపోరు. ఆ రోజు పక్కన లారీల శివప్రసాద్ ఉన్నాడు. రోడ్డుకు అవతల, పుల్లయ్య వారం కిందట రాయ్‌పూర్‌లో కొన్న ఇల్లుబండి నిలబడి ఉంది. ఒకరు వాడి అమ్మినదే. లోపల మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి.

"బాబాయ్, కొత్త బండి దారిలనే మొండికేసిందట గదా?" అన్నాడు శివప్రసాద్.

"మొండికేసింది బండి కాదు శివా, బ్యాటరీలు. దాంట్ల ఇంజనుకొక బ్యాటరీ, ఇంటిసామానుకు వేరే రెండు. ఇంజను గుర్రంలెక్క ఉరుకుతనే ఉన్నది, ఇంట్ల మాత్రం ఫ్యాను లేదు, లైటు లేదు, ఫ్రిజ్ లేదు. చిన్న పనే, నా చేత్తోటే బాగుచేసిన. చెప్పుకునేంత ముచ్చటేం కాదు."

"అయితే వద్దులే," అంది ఇంద్రాణి.

"వద్దంటే ఎట్లమ్మా, అడిగినంక చెప్పకపోతే మర్యాద కాదు. వినుండ్రి. దంతెవాడల అమ్మవారి గుడి ముందర బండికి పూజ చేయించిన, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన, దిష్టి తగలకుండ నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కూడ కట్టిన. దానికని బండి చేసినోడే తలుపు పక్కన ఎర్ర కొక్కెం పెట్టిండు, ఎంత తెలివి చూడు! కొంచెం అడ్డంగ ఉంటే తిప్పి సరిచేసి దండ తగిలించిన. సుక్మా దాటినం. దోర్నపాల్ ఇంకా రాలే. మీ పిన్ని మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి కేకేసింది, లోపల పొయ్యిలెక్క ఉన్నదని."

"పిన్ని సూదిమందు దాంట్లనే ఉండె గదా?" శివప్రసాద్ గొంతు తగ్గింది.

పుల్లయ్య భార్య అన్నపూర్ణమ్మకు చక్కెర జబ్బని ఊరందరికీ తెలుసు. సూదిమందు చల్లగా ఉండాలి. అందుకే ఈ బండి వచ్చేదాకా ఆమె పదకొండేళ్లుగా భద్రాచలం దాటలేదు. అన్నవరం చూడాలని కోరిక. అందుకే పుల్లయ్య ఈ బండి కొన్నాడు.

"దాంట్లనే ఉండె," అన్నాడు పుల్లయ్య. ఒక గుక్క చాయ్ తాగాడు.

"మరి రేపు అన్నవరం పోతున్నరా?"

పుల్లయ్య ఇల్లుబండి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "ముందు ఇది విను. జగదల్‌పూర్‌ల మెకానిక్‌కు ఫోన్ చేస్తే, రెండూ చచ్చినయి సేఠ్, కొత్తవి కొనాలె, ఎల్లుండికి గాని దొరకవు అన్నడు. నేను ఊకుంటనా? ఇప్పచెట్టు నీడల బండాపి, బ్యాటరీలకు చెవి ఆనించి విన్న. ఒకటి గురక పెడుతున్నది, ఒకటి ఎక్కిళ్లు పెడుతున్నది. అంటే చావలే, నిద్రపోయినయి! నిద్రపోయినోనికి ఏం కావాలె? పులుపు కావాలె. దిష్టిదండల నిమ్మకాయలు తీసి పిండిన. ఒక కన్ను తెరిచినయి."

"బ్యాటరీలకు కండ్లా?"

"చూసేటోనికి కనపడ్తయి. నిమ్మపులుపు చాల్లేదు. పైకి చూస్తే సాలచెట్టు మీద ఎర్రచీమల గూడు, ఇంత బుట్టంత! వాటిని నూరి పచ్చడి చేసుకుంటరు గదా, నాలిక జివ్వుమంటది గదా, ఆ పులుపు ముందర నిమ్మకాయ ఎంత?"

"ఇప్పచెట్టు కింద గదా ఆపినవ్?" అన్నాడు శివప్రసాద్.

"కింద ఇప్పచెట్టు, మీద సాలచెట్టు. అడివి అంటే అట్లనే ఉంటది, అడ్డం రాకు. గూడు దులిపిన. చీమలు ఏం చేసినయో తెలుసా? ఒకదాని తోక ఒకటి పట్టుకొని, ఈ బ్యాటరీ నుంచి ఆ బ్యాటరీ దాక తీగలెక్క నిలబడ్డయి. కరెంటు మొదలైంది! ఫ్యాను ఎంత జోరు తిరిగిందంటే, బండి ముందుచక్రాలు జానెడు లేచినయి. మీ పిన్నిని మంచానికి చీరకొంగుతోటి కట్టేసిన, లేకుంటే ఒడిశాల పడేది."

"ఫ్రిజ్ సంగతి చెప్పు," అంది ఇంద్రాణి. ఆమె చాయ్ వడపోయడం ఆపేసింది.

"అదే చెప్తున్న. తలుపు సందులనుంచి మంచు! నడి వైశాఖంల! రోడ్డు మీద మోకాల్లోతు. బీడీలకు తునికాకు కోసుకొచ్చేటోళ్లు ఆకు కట్టలు విప్పి కప్పుకున్నరు. ఒక గేదె నిలబడ్డకాడనే గడ్డకట్టింది, పాలు పిండితే చెంబుల ఐస్‌క్రీం పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు మిగిలిపోయింది! పారబోస్తమా? స్తంభానికి తగిలించిన. దోర్నపాల్ వెలిగింది, సుక్మా వెలిగింది, దంతెవాడ గుడిల దీపాలు వాటంతట అవే అంటుకున్నయి. ఆఖరికి నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి ఫోను: అయ్యా పుల్లయ్యగారూ, ఇక చాలు, మా ఉక్కు అన్నం గంజిలెక్క పొంగుతున్నదని!"

"నీ నంబరు వాళ్లకెట్ల తెలుసు?"

"కరెంటుతో పాటే పోయింది. నేను చెప్పింది అబద్ధమైతే ఈ చాయ్ నా నోట్ల చేదెక్కాలె!"

"అది ముందే చేదు. చక్కెర వెయ్యలేదు, అన్నపూర్ణమ్మ వద్దన్నది," అంది ఇంద్రాణి.

అందరూ నవ్వారు. పుల్లయ్యకు నవ్వు రాలేదు, ఎందుకంటే అప్పుడే అతని ఇంటి వైపునుంచి ఒకామె వస్తోంది. భుజాన ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతోంది, నడుము సన్నగా ఉండే నీళ్లబుర్ర. ఆమె పేరు గంగే, దోర్నపాల్ అవతలి ఊరి రైతు. పుల్లయ్య చటుక్కున చాయ్ గ్లాసులోకి చూశాడు.

"అయ్యా, నా బుర్ర తీసుకున్న. మీ ఇంటికాడ అమ్మ ఇచ్చింది," అంది గంగే.

"ఈమె ఎవరు బాబాయ్?"

"దారిల... చూసిన మనిషి."

"మంచుల చూసినవా?" అని ఇంద్రాణి, ప్రతి సంతకూ చూసే గంగేకు చోటిచ్చింది. "కూచో గంగే. ఆ రోజు మంచు ఎంత లోతు పడింది?"

"మంచా?" గంగే రోడ్డు వైపు చూసి, మళ్లీ వాళ్ల వైపు చూసింది. "నిప్పులు పడ్డయి. నేను తునికాకుకు పోతున్న. అయ్య బండి మెట్టు మీద కూచుని ఏడుస్తున్నడు. నా ఆడదాన్ని నేనే చంపుకుంటున్న అని ఏడుస్తున్నడు. అమ్మే ఆయనకు విసురుతున్నది. బుర్రల నీళ్లు చల్లగ ఉండె గదా, గుడ్డ తడిపి, మందుసీసా చుట్టి, బుర్ర నడుముకు కట్టినం. లోపల నీడకు వేలాడదీద్దామని ఎక్కితే, తలుపు పక్కన ఎర్ర తాళంచెవి. దానికి నిమ్మకాయలు."

"చెవి?" అన్నాడు శివప్రసాద్.

"మా ఊరి సోలార్ నీళ్లపంపుకు కూడ అట్లాంటిదే ఉన్నది. పొద్దున అడ్డం తిప్పితే కరెంటు వస్తది, నిలువు తిప్పితే పోతది. రోజూ తిప్పేది నేనే. దండ తీసి తిప్పిన. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ చల్లబడేదాక బుర్ర ఉంచుకోండ్రి, సంతరోజు తీసుకుంట అన్న."

శివప్రసాద్ బల్ల గుద్ది నవ్వాడు. "బ్యాటరీల మెయిన్ స్విచ్చికి దిష్టిదండ కట్టినవా బాబాయ్! అవి చావనూ లేదు, నిద్రపోనూ లేదు. నువ్వే ఆపేసినవ్!"

పుల్లయ్య చెవులు ఎర్రబడ్డాయి. కోతలు కోసినవాడికి ఆ మాత్రం శిక్ష ఉండాలి. కాని అతను అడిగింది వేరే మాట, అదీ చిన్న గొంతుతో.

"గంగే, ఇంటికాడ అమ్మ... ఏమన్నా అన్నదా?"

"అన్నది. ఆ చెవి ఎట్ల తిప్పాలెనో నన్ను రెండుసార్లు చూపించమన్నది, నేర్చుకున్నది. ఇప్పుడు అది అమ్మ తాళాల గుత్తిల ఉన్నది, బండి కదిలేముందు తనే పెడ్తదంట. రేపు పొద్దుగాల్ల అన్నవరం బయలుదేరుదాం, అయ్యకు చెప్పు అన్నది. దండ మాత్రం ముందు అద్దానికి కట్టుకోమన్నది."

పుల్లయ్య గ్లాసు కింద పెట్టాడు. వారం రోజులుగా పైకెత్తి పెట్టిన భుజాలు ఒక్కసారి దిగాయి. కండువాతో ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు.

"గంగేకు చాయ్ పొయ్యి ఇంద్రాణీ, చక్కెర బాగ వెయ్యి," అన్నాడు. తర్వాత శివప్రసాద్ వైపు తిరిగాడు. "ఏడ్చిన మాట నిజమే శివా. దాచను. కాని అది మామూలు ఏడుపా? నేను ఏడుస్తుంటే శబరి ఇక్కడ రెండు మూరలు లేచింది, పడవలోళ్లు వాన పడ్డదనుకొని..."

"నాలుగు చుక్కలు, అయ్యా," అంది గంగే. "మెట్టు మీద పడ్డయి. నేను చూసిన."