సముద్రం మీద మొలిచిన శాపం

బయట కొండలు కనపడకుండా మంచు దిగింది. డీలియా పొద్దుటి నుంచీ పీపాలో కవ్వం పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంది, వెన్న పడటం లేదు. రేపు ఉదయం ఫాదరుగారు ఈ ఇంట్లోనే పూజ చేస్తారు, ఊరంతా ఇక్కడే రొట్టే వెన్నా తినాలి. ఆ దిగులుతో ఆమె నోరు విప్పడం లేదు. ఇందాకే వచ్చి పొయ్యి దగ్గర టీ కప్పుతో కూర్చున్న ఫెస్టస్ బాబాయ్ మాత్రం నోరు మూయడం లేదు. డీలియా మొగుడు కోల్మన్, పక్కింటి ముసలి ఒనోరా వింటున్నారు.

"నేనేదో గొప్పవాణ్ణని కాదురా కోల్మన్, నా నోరు అలాంటిది, ఏదంటే అది అయిపోతుంది. ఓ రోజు కొండ దారిన పోతుంటే టైగ్ అని ఒకాయన బంగాళాదుంపలు నాటుతున్నాడు. పనిచేసేవాణ్ణి పలకరించకుండా పోకూడదు కదా, 'ఈ పనికి దేవుడి దీవెన' అన్నాను. అంతే! నేను గట్టు దాటేసరికి మొలకలొచ్చేశాయి."

"ఆ గట్టు దాటడానికి నీకు మూడు వారాలు పట్టుంటుంది," అన్నాడు కోల్మన్.

"నవ్వు, నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క దుంప తవ్వడానికి ఆరుగురు మనుషులు! దాన్ని తొలిచి, తలుపూ కిటికీ పెట్టుకుని టైగ్ కుటుంబమంతా అందులోనే కాపురం. ఆకలేస్తే గోడ గిల్లుకుని తినడమే, ఉప్పుంటే చాలు. అది చూసి పక్క పొలం వాడికి కడుపు మండింది. శాపం రాయి దగ్గరికెళ్ళి, దాన్ని ఎడమకి తిప్పి, 'నీ గుమ్మంలో గడ్డి మొలవ' అని శపించాడు."

"అయ్యో, ఎంత మాట!" అంది ఒనోరా. "గుమ్మంలో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో అడుగుపెట్టే మనిషే మిగలనట్టు కదరా."

"కానీ టైగ్ ఏ పాపం ఎరగడు. తప్పు చేయనివాడి మీద శాపం వాలదు. అన్నవాడి మీదికే తిరిగి పోవాలి, ఆ దొంగేమో తలుపేసుకుని పడుకున్నాడు. ఇంకెక్కడికెళ్తుంది పాపం? ఏడేళ్ళు గాల్లోనే తిరిగింది. ఇలాంటి మంచులోనే నాకు వినపడింది, తప్పిపోయిన గొర్రెపిల్లలా ఏడుస్తోంది. ఒట్టు, నాకూ ఏడుపొచ్చింది. 'రావే తల్లీ' అని కోటు జేబులో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నిద్రపోయింది కూడా. ఎవరి గుమ్మంలో దింపను? తీసుకెళ్ళి సముద్రంలో వదిలాను. సముద్రానికి గుమ్మం ఎక్కడుందో దానికేం తెలుసు? వెతికి వెతికి మొత్తం మొలిచేసింది!"

"ఏం మొలిచింది?"

"గడ్డిరా! దీవుల దాకా పచ్చగడ్డి. కింద అల వస్తే మెల్లగా లేస్తుంది, మళ్ళీ పడుతుంది. గాలి లేదు, చప్పుడు లేదు. మా ఆవులు ఒకదాని వెనక ఒకటి సముద్రం మీదికి నడిచాయి, బూట్లు విప్పి నేనూ వెనకే. కింద చేపలు తిరుగుతుంటే అరికాళ్ళకి చక్కిలిగింతలు. సూర్యుడు చేయి చాపితే అందేంత దగ్గర. వెనక్కి రాబుద్ధి కాలేదనుకో. ఇక ఆ ఆవుల పాలంటావా, చిలకక్కర్లేదు, ఉప్పు కలపక్కర్లేదు. కుండ పక్కన నిలబడి 'దేవుడి దీవెన' అంటే చాలు, వెన్న ముద్దలు ముద్దలుగా తేలేది!"

కవ్వం ఆగింది. డీలియా కళ్ళ నిండా నీళ్ళు. "నా రెక్కలు పడిపోయాయి. రేపు ఊరందరి ముందూ పరువు పోతుంది."

ఒనోరా ఇటు తిరిగింది. "ఒరే ఫెస్టస్, నువ్వొచ్చేసరికి ఈ పిల్ల చిలుకుతోందిగా. ఏమన్నావు?"

"ఏమన్నానూ... టీ ఉందా అన్నాను."

"కవ్వం మీద చెయ్యేశావా?"

చిలికే ఇంట్లోకి వచ్చినవాడు దీవెన పలికి, తనూ నాలుగుసార్లు కవ్వం ఆడించాలని పసిపిల్లలకీ తెలుసు. లేదంటే ఆ ఇంటి వెన్న వాడితోనే పోతుంది.

"దిక్కులేని శాపానికి జేబిచ్చావు, సముద్రం మీద ఆవుల్ని మేపావు. మా పిల్లకి ఒక్క దీవెన పడేయడానికి నీకు నోరు రాలేదట్రా?"

ఫెస్టస్ చెవులు ఎర్రబడ్డాయి. కప్పు పక్కన పెట్టి, కోటు విప్పి, కవ్వం అందుకున్నాడు. "ఈ పనికి దేవుడి దీవెన," అన్నాడు, వినపడీ వినపడనట్టు. చాలాసేపు ఆడించాడు. చొక్కా తడిసిపోయింది. అప్పుడు పీపాలో చప్పుడు బరువెక్కింది. డీలియా మూత ఎత్తి చూసింది. పసుప్పచ్చటి వెన్న పలుకులు. ఏడుపులోనే నవ్వేసింది.

ఫెస్టస్ ముఖం వెలిగిపోయింది. "చూశారా? నేను చెప్పలా, నా నోరు..."

"చెయ్యి ఆపకు బాబాయ్," అంది డీలియా. "నోరు ఆపినా ఫర్లేదు."