టేపు రెండో కొస

మా అడవి సంఘంలో కొలతల పని మావయ్యది. నా ఒక్కడికే కాదు, ఊరందరికీ ఆయన మావయ్యే. మొక్కల వరసలు కొలిచే వంద అడుగుల టేపు ఎప్పుడూ భుజాన ఉండేది కాబట్టి టేపు మావయ్య. ఆయన కోతలు మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ మధ్యాహ్నం సంత నుంచి తిరిగొచ్చి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, భుజాన టేపు లేకుండానే మొదలుపెట్టాడు.

"టీ కాస్త చిక్కగా పెట్టు వదినా. ఊరికే అడవి దారి వైపు చూడకు, మొక్కల లెక్క చూడొచ్చిన మేడం వచ్చేవేళకి వస్తుంది. పరీక్ష రాసినవాడికి లేని భయం మీకెందుకు? ఆవిడ వచ్చింది దేనికి, నాలుగేళ్ళ కింద నాటిన మొక్కలు బతికాయా, ఊరు బాగుపడిందా అని చూడటానికేగా. బాగుందని రాస్తే అడవి మన చేతిలోనే ఉంటుంది, ఆకూ పుల్లా తేనే మనవే. లేదంటే కంచె వేసేస్తారు. బ్రహ్మాండమనే రాస్తుంది చూడండి. ఎందుకంటే మనం నాటిన పది అడవి ముక్కల్లోనూ మొక్క మొక్కా లెక్కపెట్టి రిజిస్టర్లో ఎక్కించింది నేను. ఆ ఏడో ముక్క కూడా, ఒక్కణ్ణే వెళ్ళి."

ఏడో ముక్క అనగానే తాపీ మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. మొక్కలు నాటాక వాగు అవతల ఆ చోటికి మేకలు కాసేవాళ్ళు కూడా వెళ్ళడం మానేశారు.

"బావమరిది వాగు దాకా వచ్చి కడుపునొప్పన్నాడు. సరే పోరా అన్నాను. వాగు దాటానా, పిట్ట కూత లేదు, ఆకు కదలదు. నా చెప్పుల చప్పుడు నాకే, వెనక ఎవరో వస్తున్నట్టు. నేను ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. అబద్ధమెందుకు, ఒళ్ళంతా చెమటలు. ఒకచోట చీమల పుట్ట తవ్వేసి ఉంది, మట్టి ఇంకా తడారలేదు. చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు, నా తల కంటే ఎత్తులో. అయినా వెనక్కి తిరిగానా? టేపు విప్పాను. అప్పుడు ఏమైందో తెలుసా?"

"ఆగు," అన్నాడు మేస్త్రి. "టేపుకి రెండు కొసలుంటాయి. ఒక్కడివే వెళితే రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

మావయ్య టీ గుటక వేసి, ఇంకో గుటక వేసి, అప్పుడు మాట్లాడాడు.

"అడుగుతావని తెలుసు. మొదటి మొక్కకి కొస కట్టి, వరస చివరిదాకా నడిచి లాగాను. అటునుంచి టేపు తిరిగి లాగింది. రెండుసార్లు. చూస్తే పొద పక్కన నల్లగా, నా ఎత్తు మీద ఇంకో సగం ఎత్తున, నిలబడి ఉంది ఎలుగు. మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. నేను మాత్రం, గట్టిగా పట్టుకో, కొలత వంకర పోకూడదు అన్నాను. పట్టుకుంది. మొదటి వరస అయ్యేసరికి పని వచ్చేసింది, మా బావమరిది కంటే నయం. రెండో వరసకి దాని పిల్లలు రెండూ వచ్చాయి. ఒకటి సున్నం డబ్బా మోసింది, ఒకటి బతికిన మొక్కకల్లా చుక్క పెట్టింది. మూడో వరసకి చుట్టపక్కాలంతా దిగారు, మొత్తం పన్నెండు. ఎండిన మొక్క దగ్గరకొస్తే పెద్దది నా వైపు చూసి తల అడ్డంగా ఊపేది, దొంగ లెక్క రాయొద్దని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాక్షి సంతకం కావాలన్నాను. పంజా సున్నంలో ముంచి అద్దబోయింది, పేజీ చాలదని నేనే వద్దన్నాను. పోయేటప్పుడు వాగు దాకా సాగనంపి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగాయి కూడానూ."

అందరం పగలబడి నవ్వాం. కొట్టు వదిన మాత్రం నవ్వలేదు. మేడం వాళ్ళ కోసం బోర్లించి ఉంచిన రెండు గ్లాసులు ఇంకా అలాగే ఉన్నాయి.

"మరి రిజిస్టర్లో జంతువుల జాడ లేదని ఎందుకు రాశావు?" అంది.

"మేడం భయపడుతుందని. అయినా ఆవిడ వెళ్ళింది రోడ్డు పక్కనున్న రెండో ముక్కకేగా. నిన్న నేనే చెప్పాను, తలూపింది."

"ఊరివాళ్ళు చెప్పిన చోటికి ఆవిడ వెళ్ళదట. పొద్దున నువ్వు సంతకి పోయాక పది చీటీలు రాసి డబ్బాలో వేసి తీసింది. ఏడు వచ్చింది. భయమేమైనా ఉందా అంటే మేమే నీ రిజిస్టర్ చూపించాం, నీ సంతకంతో సహా. అయితే తోడు జనం అక్కర్లేదంది. టేపు కోసం మీ ఇంటికి కబురు పెడితే, టేపు కనపడలేదని తాడు పట్టుకుని మీ పెద్దమ్మాయి వచ్చింది. రెండో కొస పట్టుకోవడానికి అదే వెళ్ళింది. భోజనాల వేళకి రావాలి. మూడు దాటింది."

మావయ్య బల్ల మీంచి లేచాడు. "టేపు అక్కడే ఉంది," అన్నాడు. "ఎలుగు లాగింది, అంతవరకే నిజం. వదిలేసి పరిగెత్తాను. లెక్కంతా ఇంట్లో మంచం మీద కూర్చుని రాశాను. దానికి పిల్లలున్నాయి. రెండు. అవీ నిజమే."

మేస్త్రి తొడ చరుచుకుని, ఇందాక పన్నెండన్నావు, పది ఎటు పోయాయి అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మావయ్య ఒక్కొక్కరి ముందుకీ వచ్చి దండం పెట్టాడు, నమ్మండి అని. వదిన ఒక్కతే నమ్మింది. ఖాళీ బిస్కెట్ డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టి, వాయిస్తూ నడువు అంది.

అప్పుడు పరిగెత్తాం అందరం. దారంతా మావయ్య డబ్బా వాయిస్తూనే ఉన్నాడు.

వాగుకి ఇవతలే, బండ వెనక, మేడమూ మావయ్య కూతురూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తాడు చుట్ట విప్పనే లేదు. అవతలి ఒడ్డున తల్లీ పిల్లలూ ఇంతసేపూ తిరిగాయట, మోత విని ఇప్పుడే పొదల్లోకి పోయాయట. కదిలితే చూస్తాయని అక్కడే కూర్చుండిపోయారట.

"ఆ రోజు నువ్వు చెప్పులు కూడా లేకుండా ఇంటికొచ్చావు నాన్నా," అంది కూతురు. "రిజిస్టర్లో నువ్వేం రాస్తే నాకేం? ఆవిణ్ణి వాగు దాటనిస్తానా?"

మేడం రిజిస్టర్ తెరిచి, ఏడో ముక్కలో బతికిన మొక్కలెన్ని అని అడిగింది. ఊరి అడవంతా ఆ జవాబు మీదే ఉందని మాకు తెలుసు.

మావయ్య కూతురి చెయ్యి వదల్లేదు.

"తెలియదండి," అన్నాడు.