చుక్కకు ఇంకా పాఠం అయిపోలేదు

జక్రయ్య మాస్టారి ఇల్లాలు జయకుమారి గారూ, ఊరి పెద్దలూ, మాస్టారి దగ్గర స్వారీ నేర్చుకున్న పిల్లలూ! మిరప కోతలు వదులుకుని మరీ వచ్చారు. మాస్టారు లేరు. ఈ మాట నేను మైకులో చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మీ వెనక, కంచె అవతల, డెక్కల చప్పుడు వినపడుతోంది కదా? అది చుక్క. మాస్టారి గుర్రం. దయచేసి తిరిగి చూడకండి. దాని సంగతి చెబుతాను.

ఈ పొలంలో నేను గుర్రపు స్వారీ బడి పెడతానంటే నవ్వని వాళ్ళెవరండీ ఇక్కడ? "కోటిరత్నం పత్తి మానేసి పెళ్ళిగుర్రాలు అద్దెకిస్తుందట" అన్నారు. అన్నవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. సైన్యంలో గుర్రాలకు శిక్షణ ఇచ్చి రిటైరైన జక్రయ్య మాస్టారు మాత్రం నవ్వలేదు. మట్టి పిడికిట్లోకి తీసుకుని, "నల్లరేగడి, వానకి జారుతుంది. ఇసక పోయించండమ్మా" అన్నారు. తొంభై ఎనిమిదిలో అలా మొదలైంది మన బడి.

ఒకసారి దాచేపల్లి నుంచి ఒక కాంట్రాక్టరు గారొచ్చారు, బుల్లెట్ బండి నడిపినట్టు గుర్రాన్నీ నడపొచ్చనుకుని. పగ్గం గుంజితే పాపం, గుర్రం నోరు తెరిచేసింది. మాస్టారు ఆయన్ని దింపి, నోట్లోని కడ్డీకీ పగ్గానికీ మధ్య నూలు పోగు కట్టారు. "ఇది తెగకుండా ఒక్క చుట్టు తిప్పండి. గుర్రం నోరు మీ చేతిలో లేదండీ, మీ చెయ్యే గుర్రం నోట్లో ఉంది" అన్నారు. ఆ రోజు ఎన్ని పోగులు తెగాయో! మాస్టారు ఎక్కితే మాత్రం పోగు వదులుగా వేలాడేది. గుర్రం తిరిగేది, ఆగేది, పక్కకి అడుగేసేది. ఆయన ఏం చేస్తున్నారో ఎవరికీ కనపడేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసేది.

కల్లాల్లో మిరపకాయ ఎండేటప్పుడు ఘాటుకు మనకే తుమ్ములు, గుర్రాలకెలా ఉంటుంది? మాస్టారు గుర్రపుశాల కిటికీలకు తడి గోనెసంచులు కట్టించేవారు. ఒక ఏడు చుక్క దగ్గుతోందని మా అత్తగారు రాజ్యం దానికి దిష్టి తీసి, ఎండుమిరపకాయలు శాలలోనే నిప్పుల్లో వేసింది! "ఘాటు రావట్లేదు, దిష్టి గట్టిదే" అని ఇంకో గుప్పెడు కూడా. గుర్రాలు తలుపులు తన్నేశాయి. మాస్టారు అరవలేదు. అన్నిటినీ బయటికి తెచ్చి, చుక్క ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నడిచారు. "అమ్మా, ఈసారి దిష్టి నాకు తీయండి, దాన్ని ఊపిరి తీసుకోనివ్వండి" అన్నారంతే.

మరి పాఠం ఎలా ముగించేవారో గుర్తుందా? చుక్కకి తాడుండదు. ఆయన ఇసక మధ్యలో చెయ్యి చాపి నిలబడితే అది చుట్టూ తిరిగేది. చాలనుకున్నప్పుడు మాట ఉండదు, ఈల ఉండదు. చేతులు దించి, నేలకేసి చూస్తూ ఊరుకునేవారు. చుక్క తనే వచ్చి ఆయన భుజం దగ్గర తల పెట్టేది. అప్పుడే పాఠం అయినట్టు. ఆ తర్వాతే మేత.

గురువారం పొద్దున ఆయన ఆ ఇసకలోనే కూలిపోయారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. మేం వెళ్ళేసరికి చుక్క ఆయన చుట్టూ తిరుగుతోంది. అదే నడక, అదే దూరం, ఒక చెవి ఆయన వైపు. బెదురుతుందని ముందు దాన్ని శాలలో పెట్టి తలుపులు మూసి, అప్పుడు ఆయన్ని తీసుకెళ్ళాం. మంచిపని చేశామనుకున్నాం. కానీ ఆయన వెళ్ళడం చుక్క చూడలేదండీ.

అప్పటినుంచి తలుపు తీస్తే చాలు, ఆ వలయంలోకే. కట్టేస్తే ఉన్నచోటే కాళ్ళు కదుపుతుంది. తినదు. శాల పని చూసే బుడాన్ బకెట్టు పట్టుకుని పక్కన నడిస్తే నాలుగు గుక్కలు తాగుతుంది. డాక్టరు గారు జబ్బేం లేదన్నారు, ఇలాగే ఉంటే బతకదనీ అన్నారు. నిన్న పేరు పెట్టి పిలుస్తూ నేనే ఆ మధ్యలోకి వెళ్ళబోయాను. చెవులు వెనక్కి పెట్టి నా మీదికొచ్చింది. అక్కడ పడుకున్న మనిషిని నేను తొక్కబోతున్నట్టు! నేను దయ్యాలను నమ్మను. అయినా ఆ ఇసకలో మళ్ళీ అడుగు పెట్టలేకపోయాను.

ఇన్నాళ్ళూ మనమేం చేశాం? పిలిచాం, జొన్నలు చూపించాం, చప్పట్లు కొట్టాం, ఏడ్చాం. చేతులు దించి ఊరుకున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

అందుకే అడుగుతున్నాను. అందరం లేచి నిలబడదాం. ఇవాళ మన మౌనం గడియారం చూసి ఆపేది కాదు, డెక్కల చప్పుడు ఆగేదాకా. బుడాన్ కంచె గేటు తీశాడు. అది మన మధ్యకొస్తే ఉలిక్కిపడకండి, ముట్టుకోకండి. ఎవరి పక్కనైనా ఆగి తల వాలిస్తే అస్సలు కదలకండి. అది ఆగింది మీ దగ్గర కాకపోవచ్చు.

మైకు ఆపేస్తున్నాను. లేవండి. చేతులు దించండి.