లాలి కుడిచెయ్యి

అధ్యక్షులు సర్పంచ్ బాబూరావు గారికి, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కారేపల్లి పశువుల దవాఖానా నుంచి ఈ రోజు రిటైరవుతున్న మా డాక్టరమ్మ రాజ్యశ్రీ గారికి తండా తరఫున ఈ దేవ్లా నమస్కారం. నేను వేలిముద్రగాణ్ణి, కాగితం చూసి చదవలేను. మీ మొహాలు చూసే మాట్లాడతాను. బాబూరావూ, అప్పుడే గడియారం చూడకు. (నవ్వులు)

నాలుగేళ్ల కింద మా బర్రె మేత మానేసి, చొంగ కారుస్తూ, బొంగురు గొంతుతో అరుస్తుంటే, తాటిటెంక అడ్డం పడిందనుకుని మా ఆవిడ లాలి (అదిగో, ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషే) దాని నోట్లో మోచేతి దాకా కుడిచెయ్యి పెట్టి వెతికింది. మా దగ్గర ఎవరైనా అదే చేస్తారు. పత్తి ఏరిన చెయ్యి, నిండా గీరుకుపోయిన గాట్లు. డాక్టరమ్మ వచ్చి బర్రెను చూసి, లాలిని బోరింగు దగ్గరికి లాక్కుపోయి, ఆ చేతిని సబ్బుతో రుద్దుతూనే ఉండిపోయింది. "పిచ్చికుక్క రోగం ఇది" అంది.

అంతలో మా తండా భద్రు (నవ్వకురా, నీ సంగతే) పరాయి దేశంలో గబ్బిలాలు పశువుల రక్తం తాగి ఈ రోగం అంటిస్తాయని పేపర్లో చదివి, మా ఇప్పచెట్ల మీది గబ్బిలాలకు పొగ పెడదామని జనాన్ని లేపాడు. డాక్టరమ్మ అడ్డం నిలబడింది.

"ఆ జాతి ఇక్కడ లేదయ్యా, ఇవి పండ్లు తినేటివి. అక్కడ గూడ కొన్ని రోగం తగిలినా బతుకుతయి, వాటి రక్తంల దాన్ని ఎదిరించే బలం పుడతది. గుంపును చెదరగొడితే కొత్త జాగలకు పోయి రోగాన్ని ఇంకా పాకిస్తయి."

అది విని మా ఆవిడ పిచ్చికుక్క రోగం సూదికి ఎదురుతిరిగింది. "గబ్బిలానికే గంత బలముంటే నాకుండదా? నేను రాను."

"లాలక్కా, చచ్చిన గబ్బిలాలు వచ్చి నీకు చెప్తయా? నీకు ఆ బలం సూదే ఇస్తది. జల్దీ బండెక్కు!"

సూది ఉన్న ప్రతిసారీ తన స్కూటర్ మీద ఖమ్మం తీసుకెళ్లింది. అది పశువుల డాక్టరు పని కాదు. ఈ రోగం ముదిరితే మనిషి నీళ్లు మింగలేడని విన్నాను. ఆ నాళ్లలో లాలి చెంబు ఎత్తితే నేను ఆమె గొంతు వంకే చూసేవాణ్ణి. గుటక దిగాకే నాకు ఊపిరి ఆడేది. ఈ మాట లాలికి ఇంతవరకు చెప్పలేదు.

ఆ బర్రె పోయాక కొన్న కొత్తది మొన్న ఈనింది. డాక్టరమ్మా, శాలువాలు వీళ్లు కప్పుతారు. మా ఇంటి నుంచి జున్ను తెచ్చాం. చెంచా వద్దంటుంది లాలి, ఆ చేత్తోనే తినిపిస్తుందట. లేవవే, డాక్టరమ్మ దగ్గరికి పో.

ఓపికగా విన్న మీ అందరికీ దండాలు. అదిగో, డాక్టరమ్మ నోరు తెరిచింది. ఇక నేను నోరు మూసుకుంటాను. సెలవు.